పాల వాసన చీర, మీసాల కొబ్బరి చిప్ప: వెతుకుమాటల ప్రాజెక్టు డైరీ

జూన్ 9

అటక పని ఒక కొలిక్కి వచ్చింది. ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూ, సెలవులు వచ్చినప్పుడల్లా ఊళ్ళు తిరిగి రాసుకున్న నోటు పుస్తకాలు, తీసిన ఫొటోలు, పనివాళ్ళను అడిగి తెచ్చుకున్న గుడ్డ పీలికలు, చెక్క ముక్కలు అన్నీ విజయవాడలో మా ఇంటి అటక మీద ఇనప పెట్టెల్లో ఉండేవి. మా అమ్మాయి వాటిని స్కాన్ చేసి, ఎవరైనా ఫోనులో చూసుకునేలా అమర్చింది. పేరు కూడా ‘అటక’ అనే పెట్టాం. పైన ఒక వెతుకు పెట్టె ఉంటుంది. అందులో ఎవరైనా మాట కొడితే ఆ మాట, ఆ తేదీ మాకు తెలుస్తాయి. కొట్టినవాళ్ళు ఎవరో తెలియదు. తెలుసుకునే ఏర్పాటు వద్దని నేనే చెప్పాను.

ఈ రోజు అమ్మాయి మొదటి నెల జాబితా పంపింది. మూడు కాగితాల నిండా మాటలు. నేను శీర్షికలు ఎంతో శ్రద్ధగా పెట్టుకున్నాను: ‘శ్రీకాళహస్తి కలంకారీలో సహజ వర్ణాలు’, ‘చేర్యాల నకాషీ చిత్రాల కథన పద్ధతి’. జనం కొట్టిన మాటలు ఇలా ఉన్నాయి: ‘చీర పాల వాసన పోవడం లేదు’, ‘మీసాల కొబ్బరి చిప్ప’, ‘బొమ్మ ముక్కు విరిగింది’, ‘వీణ ఏ చెట్టుకు కాస్తుంది’, ‘15 చుక్కలు 8 వరకు’. వీటిలో ఒక్కటీ నా శీర్షికలకు తగల్లేదు. అడిగిన అందరికీ ‘ఏమీ దొరకలేదు’ అన్న జవాబే వెళ్ళింది.

రాత్రి చాలాసేపు ఆ కాగితాలు పక్కన పెట్టలేకపోయాను. మీసాల కొబ్బరి చిప్ప అంటే ఏమిటో నాకు తెలుసు. దాని ఫొటోలు నా దగ్గర పదకొండు ఉన్నాయి. చేర్యాలలో నకాషీ చిత్రకారులు కొబ్బరి చిప్ప మీద చింతగింజల జిగురు, రంపపు పొడి కలిపిన ముద్దతో ముక్కూ కళ్ళూ తీర్చి రంగులు వేసే ముఖాలవి. కొన్నింటికి కోర మీసాలు ఉంటాయి. అవి ఎవరింటి గోడ మీదో చూసి, పేరు తెలియక, కళ్ళకు కనబడింది కనబడినట్టు రాశారు ఆ మనిషి. ‘నకాషీ ముఖం’ అని రాయనందుకు ఖాళీ చేతులతో వెనక్కి పంపాను.

రేపటి నుంచి ఇదే పని. దొరకని ప్రతి మాటనూ ఒక చీటీ మీద ఎక్కించాలి, దాని వెనక ఉన్న ప్రశ్న పట్టుకోవాలి, చేత్తో చేసి చూడగలిగినది చేసి చూడాలి. జవాబు రాయడం ఆ తర్వాతే.

జూన్ 14

ముందు తేలిక పని అనుకుని అక్షరాల తేడాలు చూడబోయాను. తేలిక కాదు.

ఊరి పేరు చేర్యాల. సిద్దిపేట జిల్లా. జాబితాలో చేర్యాల, చేరియాల, చెర్యాల, చెరియల్, చేరియల్ అని ఐదు రకాలుగా ఉంది. చివరి రెండూ ఇంగ్లీషు పత్రికల ద్వారా తిరిగి వచ్చినవి. తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళి, అక్కడి నుంచి చదువుకున్న పిల్లల చేతుల్లో మళ్ళీ తెలుగు లిపిలోకి వచ్చేసరికి చివరి అచ్చు రాలిపోయింది. కలంకారీ సంగతీ అంతే: కలంకారీ, కలంకారి, కలమ్కారి, కలం కారి. 2008లో పద్మశ్రీ అందుకున్న కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి పేరు కోసం వచ్చినవాళ్ళు కొందరు ‘శెట్టి’ అన్నారు, కొందరు ‘గుర్రప్ప’ అన్నారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. విన్న పేరును రాసేటప్పుడు ఎవరి చెవి ఎలా పట్టుకుంటే అలాగే రాస్తారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది నిర్మల్ ఊరి పేరు. ‘నిర్మల్‌బొమ్మలు’ అని నేను రాసిన శీర్షిక ఉంది. ‘నిర్మల్ బొమ్మలు’ అని కొడితే అందలేదు. ఖాళీ తీసేసి కొట్టి చూస్తే ‘నిర్మల్బొమ్మలు’ అని బకారానికి లకారం అతుక్కుపోయింది, అప్పుడూ అందలేదు. అమ్మాయిని ఫోనులో అడిగాను.

“నీ శీర్షికలో ల్‌కీ బొకీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు ఉందమ్మా. రెండు అక్షరాలు కలిసిపోకుండా విడదీసే గుర్తు. నీ కీబోర్డు పెట్టింది. వాళ్ళ ఫోను పెట్టలేదు. కంప్యూటర్‌కి రెండూ వేరు వేరు మాటలే.”

కంటికి కనబడని గుర్తు వల్ల కంటి ముందున్న బొమ్మ దొరకకపోవడం నాకు మింగుడు పడలేదు. వెతికే ముందు ఆ గుర్తునూ, ఖాళీలనూ రెండు వైపులా తీసేసి పోల్చేలా అమ్మాయి సరిచేసింది. తర్వాత విభక్తుల పని. కలంకారీకి, కలంకారీలో, కలంకారీతో అని కొట్టినా కలంకారీ దగ్గరికే చేరాలి. కి, లో, తో, మీద వంటివి తోకల్లా కత్తిరించే పట్టిక రాసి ఇచ్చాను. ‘లో’ కత్తిరించబోతే ‘చిలకలో’ సరిగ్గానే చిలక అయింది గానీ, ‘కి’ కత్తిరిస్తే ‘పొణికి’ కాస్తా ‘పొణి’ అయి కూర్చుంది. కొండపల్లి బొమ్మలకు ప్రాణమైన చెక్క పేరు అది. కత్తిరించకూడని మాటలకు ఇంకొక పట్టిక పెట్టాల్సి వచ్చింది.

జూన్ 23

పాల వాసన చీర. ఈ మాట ఒక్కటే నాలుగు రకాలుగా వచ్చింది. ‘కొత్త కలంకారీ చీర కంపు’ అని ఒకరు, ‘కలంకారీకి పాలు ఎందుకు’ అని ఇంకొకరు. దీనికి జవాబు నాకు తెలుసు, పుస్తకంలో రాసుకున్నాను కూడా. కానీ రాసుకున్నది పనివాళ్ళు చెప్పగా విన్నది. నా చేత్తో ఎన్నడూ చేయలేదు. అందుకే ఈసారి చేస్తున్నాను.

సామాను: చలువ చేయని నూలు బట్ట రెండు మూరలు, కరక్కాయలు పావు కిలో, పచ్చి గేదె పాలు అర లీటరు, తుప్పు పట్టిన మేకులు, తాటి బెల్లం, మట్టి కుండ. కుండలో మేకులు, బెల్లం, నీళ్ళు వేసి మూతకు గుడ్డ కట్టి పెరట్లో పెట్టాను. ఇది మూడు వారాలు పులియాలి. శ్రీకాళహస్తిలో నల్లరంగు ఇదే. అక్కడివాళ్ళ నోట ‘కసిం కారం’ అని విన్నాను. జాబితాలో ‘కసిం కారం ఎలా చేయాలి’ అన్న మాట ఉంది, దాని కిందే ‘కసిం కారం ఇడ్లీలోకి’ అని ఇంకొకటి ఉంది. రెండో మనిషి మిరపకారం అనుకుని ఉండాలి. పటికారం, వెలిగారం అన్న మాటల్లోనూ కారమే ఉంది, వాటినీ ఎవరూ అన్నంలో కలుపుకోరు. ఈ రెండో మనిషి కోసం చీటీ మీద మొదటి వాక్యం ఇలా రాశాను: ఇది తుప్పు నీళ్ళ రంగు, తినేది కాదు.

జూలై 15

కుండ మూత తీశాను. పుల్లటి ఘాటు వాసన వచ్చింది. నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. ఇది నల్లరంగు అంటే చూసినవాళ్ళు నమ్మరు.

బట్టను గంజి పోయేదాకా ఉతికి, ఆరబెట్టి, రెండు ముక్కలు చేశాను. ఒక ముక్క ఉత్త కరక్కాయ నీళ్ళలో ముంచాను. రెండోది కరక్కాయ పొడి కలిపిన పచ్చి పాలలో గంటసేపు నానబెట్టి, పిండి, ఎండలో ఆరేశాను. రెండూ లేత పసుపు తిరిగాయి. కలం కూడా కట్టుకున్నాను. వెదురు పుల్ల కొస చెక్కి, దాని పైన రెండంగుళాల దూరంలో ఉన్ని పీలిక ఉండలా చుట్టి నూలు దారంతో బిగించడమే. ఉండను రంగులో ముంచి, గీసేటప్పుడు వేళ్ళతో నెమ్మదిగా నొక్కాలి. రంగు పుల్ల వెంట దిగుతుంది. మొదటి పది గీతలు నొక్కడం ఎక్కువై మడుగు కట్టాయి.

ఉత్త కరక్కాయ ముక్క మీద గీత గీయగానే నల్లబడింది, నల్లబడుతూనే అంచుల్లోకి పాకింది. పుల్ల మందాన గీసిన గీత నిమిషంలో రెండింతలు అయింది. పాల ముక్క మీద అదే రంగుతో, అదే కలంతో గీశాను. గీత గీసిన చోటే నిలబడింది. కనుబొమ్మ గీశాను, నిలిచింది. కనుకొలకు గీశాను, అదీ నిలిచింది. ముప్పై ఏళ్ళుగా ‘పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు’ అన్న వాక్యం పిల్లలకు చెప్పాను. ఆ వాక్యం అర్థం ఈ రోజు నా వేళ్ళకు తెలిసింది. కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నలుపు పుట్టిస్తుంది, పాల కొవ్వు ఆ నలుపును ఒక చోట పట్టి ఉంచుతుంది. పాలు లేకపోతే దేవుడికి కనుబొమ్మ ఉండదు.

అసలు పనిలో పాలు ఒక్కసారితో అయిపోవు. పటిక గీసి, ఎరుపు ఉడికించి, ఏట్లో జాడించాక, పసుపూ నీలమూ దిద్దే ముందు బట్ట మళ్ళీ పాలలో మునుగుతుంది. స్వర్ణముఖి నదిలో నీళ్ళున్న రోజుల్లో పారే నీటిలో ఉతికేవారు. ఆ ఉతుకుడు తక్కువైన చీరకు వాసన కొంచెం ఎక్కువ కాలం ఉంటుంది.

జూలై 18

‘కలంకారీ చీర మరక నిమ్మకాయ’ అన్న మాట కూడా ఉంది. నా పాల ముక్క మీద ఒక గీతపై నిమ్మరసం చుక్క వేసి అరగంట వదిలాను. కడిగి చూస్తే చుక్క పడిన చోట నలుపు గోధుమ రంగుకు దిగింది. పులుపు ఇనప నలుపును కరిగిస్తుంది. ఇది ముందుగా రాయాల్సిన విషయం. ఎవరో ఒకరు ఈ పాటికే చీర మీద రుద్ది ఉంటారేమోనని బెంగగా ఉంది.

చీటీ పూర్తయింది. జవాబులో ఇవి ఉన్నాయి: ఆ వాసన లోపం కాదు, కలంతో చేసిన పనికి ఆనవాలు. చల్లటి నీళ్ళలో విడిగా జాడించి నీడన ఆరేస్తే నాలుగైదు ఉతుకుల్లో తగ్గుతుంది. నిమ్మకాయ, చింతపండు, తెల్లబరిచే పొడులు తగలనివ్వకూడదు. ఇదే పుటకు పెడన సంగతి కూడా చేర్చాను, ఎందుకంటే కలంకారీ అని వెతికే వాళ్ళలో చాలామంది దగ్గర ఉన్నది పెడన చీర. మచిలీపట్నం పక్కన పెడనలో చేసేది టేకు అచ్చులతో అద్దకం, అక్కడ కలం పట్టరు. చేతి గీత రెండుసార్లు ఒకేలా రాదు. అచ్చు పువ్వు వరసలో ప్రతిసారీ అదే పువ్వు. యంత్రం మీద తెర అచ్చు వేసి కలంకారీ పేరుతో అమ్మే మూడో రకం కూడా ఉంది. దాని గురించి రాయడానికి చేయి రాలేదు, అయినా రాశాను, తెలియక కొనేవాళ్ళకు తెలియాలి.

ఆగస్టు 2

వీణ ఏ చెట్టుకు కాస్తుంది? పనస. చిన్న పిల్లలెవరో అడిగినట్టుంది, అందుకే వాళ్ళకు అర్థమయ్యేలా రాశాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారని, దాన్ని ఏకాండి వీణ అంటారని. పనసకాయ బొమ్మా, వీణ బొమ్మా పక్కపక్కన గీసి పెట్టాను.

ఆగస్టు 9

‘15 చుక్కలు 8 వరకు’. ధనుర్మాసం ఇంకా నాలుగు నెలలుంది, అయినా ఈ మాట వారం వారం వస్తూనే ఉంది. ముగ్గు పుస్తకాలు చూడని ఈ కాలపు అమ్మాయిలు ‘వరకు’ అన్న మాట దగ్గర ఆగిపోతున్నారు. ఇవి సందు చుక్కలు, అంటే ఒక వరసలోని చుక్క పై వరసలోని రెండు చుక్కల సందులోకి వస్తుంది. మధ్య వరసలో 15 పెట్టి, పైకి 14, 13 అంటూ 8 దాకా తగ్గాలి, కిందికీ అలాగే. నేల మీద ఆరు మూలల బొమ్మ తేలుతుంది. మొత్తం 169 చుక్కలు. ఒకటి వరకు పోతే నాలుగు మూలలు వస్తాయి, చుక్కలు 225. వాకిట్లో పెట్టి లెక్కపెట్టాను, ఎదురింటి ఆవిడ కూడా వచ్చి లెక్కపెట్టింది.

ఇక్కడ ఒక చిక్కు బయటపడింది. కొందరు అంకెల్లో కొడుతున్నారు, కొందరు ‘పదిహేను’ అంటున్నారు, కొందరు ‘పదునైదు’ అంటున్నారు. మూడూ ఒక చోటికే పంపించాలి. ముప్పై దాకా అంకెలకూ మాటలకూ జత పట్టిక రాశాను.

ఆగస్టు 24

ముక్కు విరిగిన బొమ్మ. మా ఇంట్లోనూ ఒకటి ఉంది, అంబారీ ఏనుగు మీద కూర్చున్న రాజు. అమ్మాయి చిన్నప్పుడు కింద పడేసింది. ఇన్నేళ్ళుగా ముక్కు లేకుండానే కొలువులో పెడుతున్నాం.

కొండపల్లి పని అంతా ‘మక్కు’ మీద నిలుస్తుంది. తెల్ల పొణికి చెక్కతో తల, చేతులు, మొండెం వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొడి కలిపిన మక్కుతో అతుకుతారు. ముక్కులు, నగలు, తలపాగా మడతలు కూడా దానితోనే దిద్దుతారు. ఆరాక సున్నం పూసి, పైన రంగులు.

చింతగింజలు వేయించి, పొట్టు రాల్చి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, సన్నటి సెగ మీద ఉడికించాను. గింజలు రుబ్బురోలుకు లొంగే లోపల భుజాలు పట్టేశాయి. వంటచెరకు పొడి కలిపి ముక్కు పెడితే మర్నాటికి నెర్రెలు విచ్చింది. రెండోసారీ విచ్చింది.

ఆగస్టు 26

ముక్కు పట్టుకుని కొండపల్లి వెళ్ళాను. బొమ్మల కాలనీలో నాకు ఎప్పటి నుంచో తెలిసిన ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని, గోటితో గీరి చూశారు.

“పొడి ముతకగా ఉంది టీచరుగారూ. మా చెక్క పొడే కావాలి, అదీ జల్లెడ పట్టాలి. ఇంకొకటి, ఒక్కసారే ముక్కంతా పెట్టేశారు. పలచగా ఒక పొర వేసి, అది ఆరనిచ్చి, పైన ఇంకొక పొర వేయాలి. ముక్కుకు మూడు పొరలు పడుతుంది.”

“ఎండలో పెట్టచ్చా అండీ?”

“నీడలోనే. ఎండలో పైన ఆరుతుంది, లోపల ఆరదు. అందుకే విచ్చింది.”

పిడికెడు పొణికి పొడి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. ఫోనులో ఇలా జనం ముక్కుల గురించి వెతుకుతున్నారని చెప్పాను. “విరిగినది పట్టుకుని మా దగ్గరికి రమ్మని రాయండి. కొత్తది కొనమని మేమెవరినీ అడగం” అన్నారు. ఆ మాటను చీటీలో ఆయన అన్నట్టే రాశాను.

సెప్టెంబరు 5

‘బొంగరం రంగు పిల్లవాడు నాకితే ప్రమాదమా’. ఎవరో తల్లి అడిగినట్టుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు యంత్రం మీద చెక్కి, లక్కలో రంగు కలిపి అద్దుతారు. ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు గారు పూనుకుని పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి వాటితో రంగులు తీసే పద్ధతిని మళ్ళీ నిలబెట్టారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇదంతా రాసి, ఆగాను. ఆ తల్లి చేతిలో ఉన్న బొంగరం ఏటికొప్పాకదో, జాతరలో కొన్నదో నాకు కనబడదు. ‘చెట్టు రంగులతో చేసినదని అమ్మినవాళ్ళు చెప్పగలిగితేనే నోట పెట్టనివ్వండి. చెప్పలేకపోతే చేతికి ఇవ్వండి, నోటికి కాదు’ అని ముగించాను. పసివాడి సంగతి కాబట్టి ఈ చీటీని అన్నిటికన్నా ముందు కనబడేలా పెట్టమన్నాను.

తోలుబొమ్మల మాటలు కూడా ఈ వారమే చూశాను. ‘ఏ జంతువు తోలు’ అన్నదానికి జవాబు చిన్నదే, ఇప్పుడు తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట ఊళ్ళో వాడేది మేక తోలు. దీపం వెలుతురు సాగిపోయేలా గీరి పలచన చేస్తారు. ‘బంగారక్క మొగుడు’ అన్న మాట చూసి సంతోషం వేసింది. బంగారక్క, జుట్టు పోలిగాడు తోలుబొమ్మలాటలో నవ్వించే జంట. జుట్టు పోలిగాడి పేరు మరిచిపోయినా అతని చుట్టరికం గుర్తుంది ఆ మనిషికి. రామాయణం ఆటలో రాముడి కోసం ఎదురుచూస్తూ కూడా జనం ఈ ఇద్దరి తగువు వచ్చేదాకా నిద్రపోయేవారు కాదు.

సెప్టెంబరు 19

మూడో పొర ఆరింది. సున్నం పూశాను. రాజుకు ముక్కు వచ్చింది. పాత ముక్కు కన్నా కొంచెం పెద్దది.

సెప్టెంబరు 27

ఈ నెల జాబితాలో దొరకని మాటలు ఒక కాగితానికి తగ్గాయి. అందులో ఒకటి నన్ను కదలనివ్వలేదు: ‘చనిపోయిన తాత వేసిన బొమ్మ రంగు పోతోంది’.

కళ పేరు లేదు, ఊరు లేదు, రంగు ఏమిటో లేదు. అయినా నా దగ్గర ఉన్న ఏ మాటకన్నా ఇది స్పష్టంగా ఉంది. వెంటనే కూర్చుని రాశాను. ఎండ పడే గోడ నుంచి ముందు దించండి. లామినేషన్ చేయించకండి, ఆ వేడికీ జిగురుకూ కాగితం మళ్ళీ విడిరాదు. వెనక టేపు అంటించకండి, కొన్నేళ్ళకు గోధుమ రంగు మచ్చ కాగితంలోకి దిగుతుంది. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, బల్లపరుపుగా, తడి తగలని చోట ఉంచండి. ఈ లోపల పగటి వెలుతురులో ఒక మంచి ఫొటో తీసి పెట్టుకోండి, పోయిన రంగు తిరిగి రాదు, ఉన్న రంగు ఎలా ఉందో ఆనవాలు మిగలాలి.

అమ్మాయికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “రాత్రికే పెట్టేస్తానమ్మా” అంది.

సెప్టెంబరు 30

పెట్టిన మూడో రోజు ఇంకొక మాట వచ్చింది: ‘తాత బొమ్మ వెనక రాసిన రాత చెరిగిపోకుండా’. ఆ మనిషేనో, ఇంకొకరో తెలియదు. పెన్సిల్ రాతా, సిరా రాతా అన్నది మాటలో లేదు. పెన్సిలైతే రాపిడి తగలకుండా కాపాడాలి, సిరా అయితే తడి తగలకుండా. రెండింటికీ రాయాలి. 1990ల నాటి నా నోటు పుస్తకాల్లో రెండు రకాల రాతలూ ఉన్న పుటలు ఉన్నాయి. రేపు పొద్దున రెండో పెట్టె దించి వాటిని బయటికి తీయాలి.